మీకు తెలుసా? డేటాబేస్‌కూ షిఫ్టు మార్పిడి ఉంటుంది!

సూరత్‌లో ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉంది భేస్తాన్. మరమగ్గాల పనికి వచ్చి ఈ నగరంలో స్థిరపడ్డ తెలంగాణ కుటుంబాలు ఎన్నో. ఇక్కడి నుంచి ఫోన్‌లో ఊరికి డబ్బు పంపితే ఆ లెక్క ఏదో ఒక డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. అలాంటి డేటాబేస్ పనిని పైసా లెక్క తప్పకుండా ఒక నగరం నుంచి మరో నగరానికి మార్చవచ్చు.

● ఈ ఏర్పాటులో రెండు క్లస్టర్లు, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులు, ఉంటాయి. కొత్త లెక్కలు రాసేది ప్రైమరీ. దూరాన ఉండి ఆ లెక్కలను ఎప్పటికప్పుడు ఎక్కించుకునేది సెకండరీ. రెండుచోట్లా విడివిడిగా రాస్తే ఒకే ఖాతాకు రెండు బ్యాలెన్సులు తేలవచ్చు. అందుకే రాసే పని ఒకదానికే అప్పగిస్తారు.

● దూరం ఎందుకంటారా? 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అసలూ నకలూ ఒకే ఊళ్లో ఉంటే అలాంటి రోజున రెండూ పోతాయి. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో మొదలయ్యాయి. కాబట్టి ఇప్పుడు దేశం దాటకుండానే దూరదూరంగా రెండుచోట్ల డేటా దాచుకోవచ్చు.

● ముందే సమయం అనుకుని ఈ రెండింటి పాత్రలు మార్చడాన్ని స్విచ్‌ఓవర్ అంటారు. రాత్రి షిఫ్టు మనిషి వచ్చి మగ్గం అందుకున్నాకే పగటి షిఫ్టు మనిషి కదిలినట్టు, ఇక్కడా ఒక వరుస ఉంది. మొదట ప్రైమరీలో కొత్త రాతలు ఆపుతారు. చివరి లెక్క వరకూ సెకండరీకి చేరిందని తేలాక దాన్ని ప్రైమరీ చేస్తారు. పాత ప్రైమరీ సెకండరీగా మారి, ఇకపై నకలు రాసుకుంటుంది. రాతలు ఆగేది కొద్దిసేపే. డేటా నష్టం సున్నా.

● ఫెయిల్‌ఓవర్ వేరు. ప్రైమరీ ఉన్నట్టుండి కూలినప్పుడు, అందిన నకలుతోనే సెకండరీ పని మొదలుపెడుతుంది. అమెజాన్ అరోరా గ్లోబల్ డేటాబేస్‌లో నకలు వెనకబడేది సాధారణంగా సెకను కంటే తక్కువే. అయినా ఆ కాస్త వ్యవధిలో జరిగిన లావాదేవీలు పోయే ప్రమాదం ఉంది.

● పని ఉన్నట్టుండి ఆగిపోవడం నిజంగానే జరుగుతుంది. 2021 ఫిబ్రవరి 24న టెలికాం లింకుల ఇబ్బందితో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కి. ఆ తర్వాతి నెలలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు బిగించింది. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో దాన్ని విపత్తుగా ప్రకటించాలి, అక్కడి నుంచి 45 నిమిషాల్లో పని పునరుద్ధరించాలి.

● 2024 మార్చి 2, శనివారం. మామూలుగా మార్కెట్‌కు సెలవు. అయినా ఈ మార్పిడిని పరీక్షించడానికి ఆ రోజు ఎక్స్ఛేంజీలు ప్రత్యేకంగా తెరుచుకున్నాయి. ఉదయం 9.15 నుంచి 10 దాకా ప్రధాన కేంద్రం నుంచి, 11.30 నుంచి 12.30 దాకా విపత్తు వేళ వాడే మరో కేంద్రం నుంచి నిజమైన ట్రేడింగే నడిపాయి. మే 18న మరోసారి ఇదే పరీక్ష పెట్టుకున్నాయి.

పరీక్షించని నకలును నమ్ముకోలేం. అవసరం రాకముందే, ప్రశాంతంగా ఉన్న రోజున మార్చి చూసుకోవడమే నిజమైన జాగ్రత్త. కాబట్టి నిర్వహణ పనుల కోసం రాత్రి కాసేపు సేవలు ఆపుతున్నామని బ్యాంకు మెసేజ్ పంపితే విసుక్కోకండి. పంపాల్సిన డబ్బు ముందే పంపండి. మధ్యలో చెల్లింపు ఆగితే, ఖాతా చూసుకోకుండా రెండోసారి పంపకండి. దుకాణం లెక్కలు కంప్యూటర్‌లో పెట్టుకున్నవారు బ్యాకప్ తీసి ఊరుకోకండి. అప్పుడప్పుడూ దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, లెక్కలన్నీ సరిగా ఉన్నాయో లేదో సరిచూసుకోండి.