కొన్నది మనది గాదట!

మన యిండ్లలో ఇత్తడిబిందె కొన్నను, స్టీలుగిన్నె కొన్నను దుకాణమునుండి తిన్నగా ఇంటికి దెచ్చుట లేదు. అచ్చటనే పేరు చెక్కించి తెచ్చుట వాడుక. పుట్టినింటివారు పెట్టినదైనచో వారి పేరును, తేదియు, చోటున్నచో ఊరిపేరును కూడ నుండును. ఆ గిన్నె పులుసుతో పొరుగింటికి పోయినను, పెండ్లివారింట వంటవాని చేతబడినను, తిరిగి తిరిగి మన యింటికే చేరును. అందు పప్పు వండుకొందుమో, బియ్యము కొలుచుకొందుమో, చొట్టపడిన పిదప పాతసామానులవానికి వేసి క్రొత్తది తెచ్చుకొందుమో అడుగువా రెవ్వరును లేరు. దానిని చేసిన కంచరి యొకనాడు గుమ్మములో నిలిచి, "అమ్మా, ఈ గిన్నెను నేను పప్పునకు మాత్రమే యిచ్చితిని, పాయసమునకు మీకు హక్కు లేదు" అన్నచో, పాపము వానికి మతి చలించినదని జాలిపడుదుము.

నేడు మన చేతులలోని ఫోనులు, బల్లలమీది కంప్యూటర్లు, గోడల నలంకరించిన టెలివిజనులు సరిగా నట్లే పలుకుచున్నవి. వానికి మతి చలించినదని మన మెవ్వరమును అనుకొనుట లేదు. పైగా "ఒప్పుకొనుచున్నాను" అను మీటను నొక్కుచున్నాము.

సోదరీమణులారా, ఆ మీట సంగతి యించుక విచారింపవలసియున్నది. పూర్వము పొలము కొన్నను అమ్మినను దస్తావేజు వ్రాసినవాడు దానిని ఆసాంతము చదివెడివాడు. చదువురాని ముసలమ్మ చెవియొగ్గి వినెడిది. "చదివి వినిపింపగా విని సమ్మతించి" యని వ్రాసి, సాక్షుల యెదుట ఆమె బొటనవ్రేలి ముద్ర వేయించెడివారు. ఆ ముసలమ్మకు అక్షరము రాదు గాని పొలము హద్దులు నాలుగును కంఠతా వచ్చును. ఆమె మనుమరాండ్రమైన మనము పట్టపరీక్షలు గడచి, వేలిముద్రలవారన్న కొంచెము చిన్నచూపు చూచుట గూడ నేర్చితిమి. తుదకేమైనది? పుటలకొలది షరతుల క్రింద ఒక్క ముక్కయు చదువక, ఫోను తెరమీద అదే బొటనవ్రేలిని వేయుచున్నాము. సాక్షులు లేరు, చదివి వినిపించువాడు లేడు, హద్దులు మనకు తెలియవు.

చదువరాదా యందురేమో. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇద్దరు స్త్రీలు 2008లో ఈ లెక్క గట్టిరి. ఒక మనిషి తాను చూచు వెబ్‌సైట్ల గోప్యతాషరతులను చదివినచో, అందులకే యేడాదికి సుమారు 200 గంటలు పట్టునట. అంత వ్యవధి యున్నచో ఆవకాయ, మాగాయ, అప్పడములు, వడియములు అన్నియు పెట్టుకొని, ఇంకను నడుము వాల్చుటకు మధ్యాహ్నములు మిగులును.

ఎవ్వరును చదువరని ఆ కంపెనీలకును తెలియును. 2005లో పీసీ పిట్‌స్టాప్ అను అమెరికా సంస్థ తన షరతుల నడుమ ఒక వాక్యమును దాచెను: ఈ చిరునామాకు వ్రాసినవారికి బహుమానము గలదు అని. నాలుగు నెలలు గడచినవి. మూడు వేలమందికి పైగా ఆ సాఫ్టువేరును దింపుకొనిరి. అప్పటికి ఒక్కడు వ్రాసెను. వానికి 1,000 డాలర్లు ముట్టినవి. ఇంగ్లండులో గేమ్‌స్టేషన్ అను ఆటల దుకాణమువారు 2010 ఏప్రిల్ 1వ తేదీన ఇంకను ముందునకు బోయి, కొన్నవారు తమ ఆత్మను తమకు ధారపోయుదురని షరతులలో చేర్చిరి. వద్దనువారు నొక్కుటకు వేరొక గడికూడ నుంచిరి. అయినను సుమారు 7,500 మంది ఆత్మలు ఆ దుకాణము పాలయ్యెను. ఇది ఏప్రిల్ వేడుక యని దుకాణమువారు వానిని విడిచిపెట్టిరి గాని, ఆ దినమున చిత్రగుప్తుడు చిట్టా యెట్లు సరిచూచుకొనెనో తెలియదు. వేడుకగా గాక నిజముగనే వ్రాసిన షరతులును ఇంత వింతగా నుండును. ఆపిల్ కంపెనీవారు పాటలు వినుటకిచ్చిన ఐట్యూన్స్ అనుదాని షరతులలో, దీనిని అణ్వాయుధముల తయారీకి వాడనని మన మొప్పుకొనవలసియుండెను. వంటింట సన్నగా పాట పెట్టుకొని ఉల్లిపాయలు తరుగుకొను ఇల్లాలివలన లోకమున కింత భయము గలదని మే మెరుగము.

అసలు చిక్కంతయు ఒక్క మాటలో నున్నది. మనము "కొంటిమి" అనుకొనుచున్నాము. వారు "వాడుకొన నిచ్చితిమి" అనుచున్నారు. ఆ వాడుకొననిచ్చుట పేరే లైసెన్సు. పెండ్లికి పొరుగింటి కాసులపేరు ఎరువు తెచ్చుకొని మెడలో వేసికొన్నట్లు. ఎరువుసొమ్ము బరువుచేటని పెద్దలెరుగుదురు: అది తెగకుండ చూడవలెను, మరియొకరికీయరాదు, అడిగిననాడు తీసియీయవలెను. అయితే పొరుగింటి పిన్నిగారు ఎరువిచ్చిన నగకు నిండువెల పుచ్చుకొనదు. ఇచ్చట నిండువెలయు పోవును, నగయు మనది గాదు.

కంపెనీల పక్షమున చెప్పవలసినదియు గలదు. గిన్నె నొకరికిచ్చినచో మన చేతిలో నుండదు. సాఫ్టువేరు అట్లుగాదు, ఒక్కటి కొని నూరుగురికి నకళ్లు తీసి పంచవచ్చును, మనది మనయొద్దనే యుండును. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్, అప్పటికి ఇరువది యేండ్ల కుఱ్ఱవాడు, తాము వ్రాసిన బేసిక్ అను సాఫ్టువేరును కంప్యూటరు ఔత్సాహికులు కొనక నకళ్లు తీసికొనుచున్నారనియు, యంత్రము కొన్నవారిలో పదింట ఒకరైనను దానిని కొనలేదనియు బహిరంగలేఖ వ్రాసెను. పనిచేసినవానికి కూలి ముట్టవలెననుట న్యాయమే. కాదనుటకు మాకు నోరు రాదు. కాని దొంగకొరకు వేసిన తాళము ఇంటివారిని వీథిలో నిలుపుట మొదలిడిన పిమ్మట ఊరకుండుటయు కష్టమే.

2009 జూలైలో జరిగినది చూడుడు. అమెజాన్ కంపెనీ కిండిల్ అను చదువుపలకకు పుస్తకము లమ్మును. జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు పుస్తకములను, హక్కులేని యొక వ్యాపారి ఆ అంగడిలో బెట్టెనని తెలియగనే, కొన్నవారి పలకలనుండి వానిని దూరమునుండియే తుడిచివేసి, సొమ్ము వాపసు చేసిరి. ఆ రెంటిలో నొకటి, పౌరుల చదువును తలపును గూడ కనిపెట్టు ప్రభుత్వమును గూర్చిన 1984 అను నవలయగుట విధివిలాసము. ఒక విద్యార్థి బడిపాఠమునకై దానిని చదువుచు టిప్పణములు వ్రాసికొనుచుండెను. పుటలు పోయిన పిదప ఆ టిప్పణములు దేనిని గూర్చినవో చెప్పుట కెవ్వరితరము? అతడు వ్యాజ్యము వేసెను, కంపెనీ రాజీపడెను, కంపెనీ యధిపతి జెఫ్ బెజోస్ బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనెను. 2019లో మైక్రోసాఫ్టు తన పుస్తకముల అంగడినే మూసినపుడు, కొన్న పుస్తకములన్నియు తెరచుకొనుట మానినవి. సొమ్ము తిరిగి యిచ్చిరి. అంచులలో టిప్పణములు వ్రాసికొన్నవారికి అదనముగ 25 డాలర్లు నిచ్చిరి. మన అమ్మమ్మ రామాయణపు అంచులలో పెన్సిలుతో వ్రాసిన పురుళ్లతేదీలకు, అప్పుపద్దులకు వెలకట్టుమన్న నెంత చెప్పుదుము?

రివాల్వ్ అను పరికరము కథ యింకను చిన్నది. ఇంటిలోని దీపములను తాళములను ఫోనుతో నడుపుటకై 300 డాలర్లు పెట్టి కొన్నవారికి "జీవితకాలపు చందా" ఉచితమని చెప్పిరి. దానిని కొనుకొన్న పెద్దకంపెనీ 2016 మే 15న సేవ నాపివేయగా అది గోడకు ఆనించు రాయితో సమానమయ్యెను. జీవితకాలమనగా ఎవరి జీవితకాలమో ముందుగా అడిగినవారు లేరు.

బి.ఎం.డబ్ల్యు. కారులవారు 2022లో దక్షిణకొరియాలో ఆసనమును వెచ్చజేయు సదుపాయమునకు నెలచందా బెట్టిరి. ఆ తీగలు కారులోనే యున్నవి, కారు మనది, వెచ్చదనము మాత్రము నెలకు సుమారు 18 డాలర్లు. మరుసటి యేటనే ఆ యాలోచనను మానుకొనిరి. రెంటచింతల ప్రాంతపు సోదరీమణులకు మేమాసమయమున ఈ వార్త చదివి వినిపింపగా, తమ ఆసనములు వైశాఖమునుండియే ఉచితముగ వెచ్చబడుచున్నవని సెలవిచ్చిరి.

మా యింటి ప్రింటరు సంగతియు నిట్టిదే. దానికి కంపెనీవారి సిరాడబ్బీ వెల యెక్కువయగుటచే బజారున చవుకగా దొరకుదానిని వేసితిమి. మూడు నెలలు ముత్యములవంటి అక్షరములు వ్రాసినది. ఒకనాటి రాత్రి అందరును నిద్రించుచుండగా అది తనంతట తాను అప్‌డేట్ చేసికొని, తెల్లవారుసరికి మడికట్టుకొన్న అత్తగారివలె, పరుల సిరా ముట్టనని భీష్మించినది. ఆ పూటనే అమ్మాయి బడిలో ప్రాజెక్టు చూపవలెను. డబ్బీలో సిరా యున్నది, గూటిలో కాగితమున్నది, సొమ్ము పెట్టి కొన్న యంత్రమున్నది; అనుమతి లేదు. పిల్ల చేతితో వ్రాసికొనిపోయెను. దస్తూరి బాగున్నదని ఉపాధ్యాయిని మెచ్చుకొనుటచే యంత్రముమీది కోపము కొంత చల్లారినది.

ఈ విషయమై మా యింటికి వచ్చు సోదరీమణుల యభిప్రాయములు నానావిధములు. ఒకామె, "నెలచందాయే నయమండీ, పాలవానికిచ్చినట్లే గదా" యనును. నిజమే, కాని మనము చందా మానినచో పాలవాడు నిన్నటి పెరుగును గూడ తీసికొనిపోడు. కాలేజీలో చదువు పిల్ల యొకతె, "అవన్నీ ఎవరు చదువుతారు పిన్నీ, ఒప్పుకోకపోతే తెరుచుకోదుగా" అన్నది. అంతటి సంగ్రహముగ న్యాయవాదియు చెప్పలేడు. కాదనుటకు వీలులేని చోట ఔననుట సమ్మతి యెట్లగును?

న్యాయస్థానములు ఈ తగవును ఎరుగనివి గావు. టాటా కన్సల్టెన్సీవారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడుమ నడచిన వ్యాజ్యములో, డిస్కులలో నుంచి అంగట నమ్ము సాఫ్టువేరు సరుకే యగుననియు, దానిమీద అమ్మకపు పన్ను చెల్లుననియు 2004 నవంబరున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున పన్ను కట్టునపుడు మనము సరుకు కొన్నవారము. హక్కు అడుగునపుడు ఎరువు తెచ్చుకొన్నవారము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మాత్రము 2025 జనవరి 1నుండి ఒక చట్టము అమలులోనికి వచ్చినది. పుస్తకము, పాట, ఆట మొదలగు డిజిటల్ సరుకులను వాడుక హక్కుగ మాత్రమే ఇచ్చునపుడు, ఆ సంగతి స్పష్టముగ జెప్పక "కొనుడు" అను మాట వాడరాదు. మన దేశమున 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో మాకు మిక్కిలి నచ్చిన దొక్కటి గలదు: మన వివరములు కోరునపుడు ఇచ్చు తెలియజేతను ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో మనము కోరినదానగాని చదువుకొను వీలుండవలెను. తెలుగు అందులో నున్నది. అది ముసలమ్మ వినిన దస్తావేజంత తెలుగుగ నుండునో, లేక ఇంగ్లీషుకంటె కఠినముగ నుండునో చూడవలసియున్నది.

లైసెన్సు లన్నియు ఎరువునగలు గావు. రిచర్డ్ స్టాల్మన్ అను నాయన 1983లో ప్రారంభించిన గ్నూ ఉద్యమమునకై 1989లో వెలువడిన జీపీఎల్ అను లైసెన్సు మన వంటిండ్ల మర్యాదను బోలియున్నది. గోంగూరపచ్చడి చేయువిధము చెప్పితిమి. చేసికొనుడు, మీ రుచికి మార్చుకొనుడు, పదుగురికి పంచుడు. అయితే మార్చినదానిని పంచునపుడు ఆ మార్చిన విధమును దాచక చెప్పుడు. అంతే షరతు. తెలుగు అక్షరములకును ఇట్టి భాగ్యమే పట్టినది. ధూర్జటి, పెద్దన, గురజాడ, మల్లన్న మొదలగు పేర్లుగల ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుక్రింద లభించుచున్నవి. శుభలేఖ కైనను, పిల్లల పుస్తకమునకైనను వానిని వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరుల కీయవచ్చును; అక్షరములను మాత్రమే విడిగా అమ్ముకొనరాదు.

ఇంక మిగిలినది వారసత్వపు సంగతి. పేరు చెక్కిన బిందె కూతునకు పోవును. ఫోనులో కొన్న పాటలు? ఆపిల్ కంపెనీ 2021 డిసెంబరునుండి, మన తదనంతరము మన ఖాతాను తెరచుటకు వారసుని పేరు చెప్పుకొన నిచ్చుచున్నది. ఫోటోలు, ఉత్తరములు ఆ వారసునకు దక్కును గాని, కొన్న పాటలును చలనచిత్రములును పుస్తకములును దక్కవు, అవి లైసెన్సుసొత్తు. గూగుల్ ఖాతాకు ఇట్టి యేర్పాటు 2013నుండియు గలదు; ఎంతకాలము ఖాతా కదలకున్నచో ఎవరికి తెలియజేయవలెనో మనమే నిర్ణయింపవచ్చును. పిల్లల బాల్యపు ఫోటోలన్నియు ఆ ఖాతాలలోనే పెట్టుకొన్న సోదరీమణులు ఒక నకలు వేరే డిస్కులో తీసి, పట్టుచీరలతో పాటు బీరువాలో భద్రపరచుకొని, అటుపిమ్మట వారసుని పేరు నమోదు చేయుదురుగాక. పని పది నిమిషములది. దానికి ముందు ఒక షరతులపుట వచ్చును; క్రింద మీట యుండును.