లతూర్ తోట, జీలుగు చెట్టు

ఫ్రాన్సుదేశమున బోర్డో నగరమునకు ఉత్తరముగా, జిరోండ్ నదీముఖపు టొడ్డున, గులకరాళ్లు నిండిన నేలలో లతూర్ అను ద్రాక్షతోట కలదు. 1855లో పారిస్ ప్రదర్శనము కొరకు, మూడవ నెపోలియన్ కోరికమీద, బోర్డో వర్తకులు ఎఱ్ఱ ద్రాక్షాసవములకు శ్రేణులు నిర్ణయించినప్పుడు ప్రథమస్థానము పొందిన నాలుగింటిలో ఇదియు నొకటి. సీసాపై తోట పేరుతోపాటు పంట సంవత్సరమును ముద్రింతురు. ఆ యేటి యెండవానలు ఆ రసమున నిలిచియుండునని వారి నమ్మిక. 1961లో పూతవేళ చలిదెబ్బ తగిలి కాపు సన్నగిల్లగా, మిగిలిన పండ్లలో సారము చిక్కబడి, ఆ యేటి వైను నేటికిని రసికులచే కొనియాడబడుచున్నది.

ఈ సంగతి తలచినప్పుడెల్ల నా మనస్సు ఖమ్మము దాటి, కొత్తగూడెము మీదుగా భద్రాచలపు టడవులకు పోవును. అచ్చటి కోయ, కొండరెడ్ల పల్లెలలోని జీలుగు చెట్టు తాటిజాతిదే యైనను, దాని యాకు చేపతోకవలె చీలియుండును. పది పదునైదేండ్లు పెరిగినగాని గెల వేయదు. వేయుటయు తలనుండి మొదలై యేటేట క్రిందికి దిగివచ్చి, అట్టడుగు గెలతో చెట్టే యెండిపోవును. కల్లిచ్చుటయే దాని అవసానకార్యము. గెల కొనను పలుచగా చెక్కి కుండ కట్టినచో, కారిన తీయని రసమును కుండలోని సూక్ష్మజీవులే పులియబెట్టును. ఉదయమున తీపి, ప్రొద్దెక్కినకొలది వగరు, మరునాటికి పులుపు. లతూర్ వైను ఓకు పీపాలలోను సీసాలలోను దశాబ్దములు పరిపక్వమగుచుండ, దీని ఆయుర్దాయము ఒక్క దినమే! సొరకాయ బుర్రలో ఊరికి దిగిన కల్లు ఊరిలోనే చెల్లవలెను. దాచరాదు, దూరదేశములకు పంపరాదు. కనుకనే అది పంచుకొను పానీయమైనది. దీనిని నేను వైనుకంటె తక్కువదిగా నెంచజాలను.

ఈ చెట్లకై రక్తము చిందినది. ఇంటివాడుకకు సైతము కల్లు గీయరాదని ఆబ్కారీ చట్టము శాసించి, ఆ హక్కును గుత్తదారుల చేతిలో బెట్టగా, కల్లుగీతపై వేసిన చిగురుపన్ను భారమును తోడై, 1879 మార్చిలో గోదావరి మన్యపు రంప దేశము తిరుగబడెను. ఆ యేటనే ఆ మంట భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమకు ప్రాకెను. 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి మారిన ఆ సీమలో పోడుపన్ను పెంపు దానికి మరింత ఆజ్యము పోసెను. రంపలో తమ్మనదొర, రేకపల్లిలో అంబుల్‌రెడ్డి నాయకులైరి. తాత నాటిన చెట్టును తాను గీయుటకు పరుని అనుమతి వేడవలసిన దుర్దశను ఆ కొండవారు సహింపలేకపోయిరి.

2014లో ఆంధ్రప్రదేశములో చేరిన ఆ రేకపల్లి సీమ నేడు పోలవరము ఆనకట్ట ముంపు మండలములలోనిది. పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరార్ధమున ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను వేళ్లతో తినివేయగా, అచ్చటి రైతులు అమెరికా తీగల వేళ్లపై తమ పాత తీగలను అంటుగట్టి, అదే నేలలో తోటలను నిలుపుకొనిరి. నీట మునుగు నేలకు అట్టి అంటు లేదు. పునరావాసపు కాలనీ పెరటిలో నేడు నాటిన జీలుగు మొక్క తొలి గెల చూపుటకు పదేండ్లయినను పట్టును.