వాక్యం, అన్నం: క్రైస్తవ సంఘాల్లో సువార్త ప్రకటన, దానధర్మం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- సువార్త ప్రకటన, దానధర్మం అనే రెండు బాధ్యతలను క్రైస్తవ సంప్రదాయం ఎలా అర్థం చేసుకుందో వివరించగలుగుతారు.
- 1876-78 కరువు కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషన్ తీసుకున్న ఒక నిర్ణయాన్ని విశ్లేషించగలుగుతారు.
- 'గింజల కోసం మతం మారారు' అనే మాటను ఆధారాలతో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

మీ ఊళ్లో చర్చి ఉంటే ఒక ఆదివారం ఆరాధన ఎలా జరుగుతుందో గమనించండి. పాటలు, ప్రార్థన, వాక్యోపదేశం, కానుకలు ఉంటాయి. అదే సంఘం క్రిస్మస్‌కు పేదలకు బట్టలు పంచుతుంది. తుపాను వస్తే అన్నం వండి పెడుతుంది. కొన్ని సంఘాలు బడులు, ఆసుపత్రులు కూడా నడుపుతాయి. మొదటి పనిని ఆత్మీయ పోషణ అనీ, రెండో పనిని ఉపకారం లేదా పరిచర్య అనీ వ్యవహరిస్తారు.

ఈ రెండింటిలో సంఘం అసలు పని ఏది? అన్నం ఎవరైనా పెట్టగలరు, సువార్త చెప్పవలసింది సంఘమే కదా అని కొందరు అంటారు. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టకుండా వాక్యం చెప్పడం ఏం ధర్మమని మరికొందరు అడుగుతారు.

ఇది వేదాంతులకే పరిమితమైన వాదన అనుకోకండి. తెలుగు ప్రాంతాల్లో క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అత్యధికులు దళితులు. వారి పూర్వికులు తిండి కోసమే మతం మారారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పేదవాడికి ఆకలే తప్ప సొంత ఆలోచన ఉండదనే అభిప్రాయం ఆ మాట వెనుక ఉంది. అందువల్ల వాక్యానికీ అన్నానికీ మధ్య సంబంధం ఎలా ఉండాలనే ప్రశ్న మనుషుల గౌరవానికి సంబంధించిన ప్రశ్న కూడా.

2. బైబిలులో ఈ ప్రశ్న

ఈ చర్చకు ఆధారంగా సాధారణంగా మూడు సందర్భాలను చూపుతారు.

మొదటిది అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే ఆహార పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ప్రార్థనకూ వాక్యోపదేశానికీ తమ సమయాన్ని కేటాయించుకొని, పంపిణీ బాధ్యతను ఏడుగురికి అప్పగించారు. వాక్యమే ముఖ్యమని చెప్పడానికి చాలామంది ఈ భాగాన్ని చూపుతారు. అయితే ఆ ఏడుగురికి కూడా ఆత్మీయమైన అర్హతలనే నిర్ణయించారని గమనించండి. అన్నం వడ్డించే పనిని తక్కువ పనిగా చూసి ఉంటే ఆ అర్హతలు అవసరమయ్యేవి కావు.

రెండోది యాకోబు పత్రిక 2వ అధ్యాయం. బట్ట లేనివారిని, తిండి లేనివారిని మంచి మాటలతో మాత్రమే సాగనంపే విశ్వాసం నిష్ప్రయోజనమని ఆ రచయిత అభిప్రాయం.

మూడోది యోహాను సువార్త 6వ అధ్యాయం. యేసు ఐదు రొట్టెలతో ఐదువేల మందికి ఆహారం పెట్టాడు. మరునాడు మళ్లీ వచ్చిన జనాన్ని, మీరు రొట్టెల కోసమే వచ్చారని మందలించి, వేరొక ఆహారం గురించి బోధించాడు. బోధ కఠినంగా ఉందని చాలామంది వెళ్లిపోయారు. ఇక్కడ వరుసను గుర్తుంచుకోండి. ఆహారం ఏ షరతూ లేకుండా అందింది. బోధ విన్నాక ఉండాలో వెళ్లాలో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు.

3. ఒంగోలు, 1876-78

ఇప్పుడు మన ప్రాంతపు చరిత్రలోకి వద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అదే సంవత్సరం తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన మాదిగ కులస్థుడు. ఆయన తన బంధువర్గంలో చేసిన ప్రచారంతోనే ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెల్లో క్రైస్తవం వ్యాపించింది. అంటే కరువుకు పదేళ్ల ముందే, పల్లె మనుషుల ద్వారానే ఈ కదలిక మొదలైంది.

1876లో వానలు పడలేదు. మద్రాసు రాజధానిలో రెండేళ్ల పాటు సాగిన కరువులో లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనులు చేపట్టింది. బకింగ్‌హాం కాలువ తవ్వకం వాటిలో ఒకటి. క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. అంటరానివారిగా చూడబడిన కూలీలకు పై కులాల మేస్త్రీల కింద పనిచేయడం కష్టంగా ఉండేది. క్లౌ తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కూలీలు మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. విశ్రాంతి వేళల్లో బోధకులు వారితో కూర్చొని మాట్లాడేవారు. ఈ విధంగా పని, కూలి, సువార్త ఒకేచోట కలిశాయి.

సరిగ్గా ఇక్కడే ప్రమాదం ఉంది. కూలి ఇచ్చే మనిషి, మత బోధ చేసే మనిషి ఒక్కరే అయినప్పుడు, వినేవాడికి కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? ఈ ప్రమాదం క్లౌకు తెలుసు. అందుకే కరువు సహాయం సాగుతున్న దాదాపు 15 నెలల పాటు, ఎందరు అడిగినా ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు.

1878 మధ్యలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో జనం సమావేశమయ్యారు. ఇక సహాయం ఉండదని వారికి చెప్పారు. అయినా వారు బాప్తిస్మం కోరారు. జూలై 2, 3, 4 తేదీల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు.

4. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

చరిత్ర విద్యార్థిగా మీరు రెండు వైపులా చూడాలి.

ఒకవైపు, సహాయం అందుతున్నప్పుడు బాప్తిస్మం లేదు, సహాయం ఆగిందని తెలిశాక బాప్తిస్మం జరిగింది. గింజలే కారణమైతే ఈ క్రమం తారుమారుగా ఉండాలి. తమను మనుషులుగా చూసి, పక్కన కూర్చొని మాట్లాడినవారి మాటను ఆ జనం నమ్మారని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

మరోవైపు, ఈ వివరాలు చాలావరకు మిషన్ రాసిన గ్రంథాల నుంచే వస్తాయి. క్లౌ ఆత్మకథ ఆయన మరణానంతరం 1914లో వెలువడింది. బాప్తిస్మం పొందిన కూలీలు తమ మాటల్లో రాసుకున్నది మనకు దాదాపు ఏమీ లేదు. కృతజ్ఞత, బంధువులతో కలిసి నడవాలనే కోరిక, మళ్లీ కరువు వస్తే అండ దొరుకుతుందనే ఆశ కూడా వారి మనసుల్లో ఉండి ఉండవచ్చు. అయినా, మనిషి తీసుకునే ఏ పెద్ద నిర్ణయానికీ ఒకే కారణం ఉండదు. పై కులాల వారి మత నిర్ణయాల్లో పలు కారణాలను గుర్తించి, దళితుల నిర్ణయంలో మాత్రం ఆకలినే చూడడం న్యాయమైన పద్ధతి కాదు.

ఆ తరువాత వచ్చిన సమస్య వేరు. వేల మందికి బోధించడానికి తగినంతమంది బోధకులు లేరు. 1933లో మాస్ మూవ్‌మెంట్లపై తన అధ్యయనాన్ని ప్రచురించిన జె. వాస్కం పికెట్, బాప్తిస్మం తరువాత అందే శిక్షణకు ఎంతో ప్రాధాన్యమిచ్చాడు. ఆత్మీయ పోషణ అంటే ఒక రోజు ప్రసంగం కాదని, ఏళ్ల తరబడి సాగే పని అని దీన్నిబట్టి తెలుస్తుంది.

5. తీసుకునేవారి నుంచి ఇచ్చేవారి వరకు

దానం ఎప్పుడూ ఒకవైపు నుంచే వస్తుంటే తీసుకునేవాడు చేయి చాచే స్థితిలోనే ఉండిపోతాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దీన్ని గుర్తించాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయన తొలి భారతీయ బిషప్. పేద సంఘమైనా ఇవ్వడం నేర్చుకోవాలని బోధించి, క్రైస్తవ దానం గురించి పుస్తకం రాశాడు. తెలుగు సంఘాల్లోని 'పిడికెడు బియ్యం' పద్ధతి మీరు వినే ఉంటారు. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచి, తరువాత సంఘానికి ఇస్తుంది. ఒకప్పుడు కరువు కూలితో బతికిన కుటుంబం ఇప్పుడు ఇచ్చే కుటుంబమైంది. ఇక్కడ అన్నమే ఆత్మీయ క్రియగా మారింది.

ప్రపంచ స్థాయిలో కూడా ఈ చర్చ సాగింది. 1974లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో జరిగిన సువార్తిక సమావేశం, సువార్త ప్రకటననూ సామాజిక బాధ్యతనూ రెండింటినీ క్రైస్తవ కర్తవ్యంగా అంగీకరించింది. అయితే సంఘం చేసే సేవలో సువార్తకే ప్రథమ స్థానమిచ్చింది. 1982లో గ్రాండ్ ర్యాపిడ్స్‌లో జరిగిన చర్చ వీటి మధ్య మూడు సంబంధాలను పేర్కొంది: సేవ సువార్తకు ఫలితం, సువార్తకు వంతెన, సువార్తకు భాగస్వామి. వీటిలో 'వంతెన' అనే భావనను జాగ్రత్తగా వాడాలి. వంతెన దాటితేనే అన్నం అనే పరిస్థితి వస్తే అది సేవ కాదు, బేరం అవుతుంది.

6. సారాంశం

వాక్యం ముఖ్యమా, అన్నం ముఖ్యమా అని అడిగితే సమాధానం దొరకదు. ఒకదానికి మరొకటి ధరగా మారుతోందా అని అడగండి. ఆకలి తీర్చడానికి ఏ షరతూ ఉండకూడదు. నమ్మకాన్ని ప్రకటించడానికీ, విని కాదనడానికీ స్వేచ్ఛ ఉండాలి. ఒంగోలులో బాప్తిస్మాలను నిలిపివేసిన ఆ 15 నెలలు ఈ రెండింటినీ కాపాడే ప్రయత్నం. ఏ మత సంస్థ దానాన్నైనా మీరు ఇదే ప్రశ్నతో పరీక్షించవచ్చు.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కరువు కాలంలో క్లౌ బాప్తిస్మాలు నిలిపివేయడానికి కారణమేమిటి?
2. ఒంగోలు సంఘటనకు ఉన్న ఆధారాల బలాన్ని, పరిమితులను చర్చించండి.
3. మీకు దగ్గరలోని ఏదైనా మత సంస్థ నడిపే అన్నదానాన్ని పరిశీలించండి. అక్కడ తినడానికి షరతులు ఉన్నాయా? తినేవారితో మాట్లాడి ఒక పేజీలో రాయండి.