అక్క పెళ్ళయ్యాకే చెల్లి కథ: మన ఆడవాళ్ళ నవలల్ని ఎలా చదవాలి?

ఈ రోజు మాట్లాడుకునేది అక్కాచెల్లెళ్ళు, కుటుంబం, ప్రేమ... ఈ మూడూ కలగలిసి ఉండే కథల గురించి. ఆడవాళ్ళు రాసినవి, ఎక్కువగా ఆడవాళ్ళే చదివేవి. ఇంగ్లీషు పుస్తకాల షాపుకి వెళ్తే వీటికి విమెన్స్ ఫిక్షన్ అని ఒక షెల్ఫే ఉంటుంది. మన దగ్గర షెల్ఫ్ లేదు గానీ వెక్కిరింపు మాత్రం ఉంది. "ఓ, లేడీస్ నవలలా" అని ఒక నవ్వు నవ్వేసి పక్కన పెట్టేస్తారు. ఆ నవ్విన వాళ్ళలో చాలామంది ఒక్కటి కూడా చదివి ఉండరు, సినిమాలుగా మాత్రం చూసే ఉంటారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒక అలవాటు పడింది. ఏదైనా పాత సిస్టమ్ చేతికిస్తే ముందు అది దేని మీద ఆధారపడి నడుస్తోందో చూడటం. ఈ నవలల్ని కూడా అలాగే చదువుతాను. ప్రేమ పైకి కనిపించే స్క్రీన్. లోపల నడిచేది వేరే. ఎవరి పెళ్ళి ముందు, ఎవరి చదువు ఆగింది, ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది, వంటింట్లో ఎవరున్నారు. అక్క పెళ్ళి అనే పని పూర్తి కాకుండా చెల్లి పెళ్ళి అనే పని మొదలవదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే అక్క ఒక బ్లాకర్. పాపం ఆమె తప్పేం లేదు, సిస్టమే అలా కట్టారు.

ముందు ఎక్కడి నుంచి వచ్చాం అన్నది చూద్దాం. 1960ల నుంచి 80ల దాకా తెలుగులో ఆడవాళ్ళు రాసిన నవలలదే రాజ్యం. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, మాలతీ చందూర్, ఇలా పెద్ద లిస్టే ఉంది. మన విశాఖ వైపు నుంచి ద్వివేదుల విశాలాక్షి గారు. ఆవిడ నవల 'వారధి'ని 'రెండు కుటుంబాల కథ'గా సినిమా తీశారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేర్లకి ఎంత గిరాకీ అంటే, కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఇంగ్లండులో ఒకప్పుడు ఆడవాళ్ళు మగపేర్లు పెట్టుకుని రాశారని గొప్పగా చెప్పుకుంటాం కదా, మన దగ్గర రివర్స్ అయింది. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎవరూ నమ్మరు.

చదివేవాళ్ళకి ఇవి వారపత్రికల్లో, మాసపత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి. తర్వాత పాకెట్ బుక్. తర్వాత అద్దె లైబ్రరీ. వీధి చివర చిన్న కొట్టు, రోజుకి ఇంత అని అద్దె. ఇది ఎందుకు చెప్తున్నానంటే, కథ ఆకారం దీని వల్లే అలా ఉంటుంది. ఒక్క మాట నోరు విప్పి చెప్తే తేలిపోయే అపార్థాన్ని హీరోయిన్ ఇరవై వారాలు మోస్తుంది. మనం ఒకేసారి పుస్తకంగా చదివితే చిరాకేస్తుంది, "చెప్పేయొచ్చు కదా తల్లీ" అనిపిస్తుంది. అది వారం వారం చదవడానికి రాసింది. వెబ్ సిరీస్ ఎపిసోడ్ చివర్లో ఆపేస్తాడు చూడండి, అదే టెక్నిక్.

ఇక 'సెక్రటరీ'. యద్దనపూడి గారి నవల, 1976లో సినిమా కూడా అయింది, అక్కినేని, వాణిశ్రీ. హీరో రాజశేఖరం గురించి జోకులు మీరు వినే ఉంటారు. ఆరడుగుల పొడుగు, పెద్ద కారు, మాటల్లో పొగరు, మనసులో వెన్న. ఆ తర్వాత వచ్చిన ప్రతి హీరోకీ ఇదే కొలత అయిపోయింది. ఇందులో నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది రాజశేఖరం కాదండి, జయంతి. ఉద్యోగం చేసే మధ్యతరగతి అమ్మాయి. ఆమె ఎంతసేపూ కాపాడుకునేది ఆత్మాభిమానాన్ని. డబ్బున్నవాడు ప్రేమిస్తే ఒప్పుకోవడానికి కూడా ఆమెకి అది అడ్డొస్తుంది. ఆమె ఒప్పుకుంటే జీతం ఇచ్చే మనిషే మొగుడవుతాడు, అప్పుడు తన సంపాదన ఏమవుతుంది అన్న ప్రశ్న నవల అడుగున ఉంటుంది. రచయిత్రి దానికి జవాబు చెప్పరు, పెళ్ళి చేసేస్తారు. నాకైతే ఆ జవాబు చెప్పకపోవడం లోపంగానే అనిపిస్తుంది. కానీ ప్రశ్న పెట్టిన సంగతి ఆ నవ్వేవాళ్ళు గమనించరు.

'మీనా' చూడండి. 1973లో విజయనిర్మల గారి డైరెక్షన్‌లో సినిమా అయింది. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' వచ్చినప్పుడు కథ ఇదే కదా అని పెద్ద చర్చ నడిచింది. పెత్తనం చేసే తల్లి, నోరు లేని తండ్రి, పల్లెటూళ్ళో చుట్టాలిల్లు, అక్కడ బావ వరస అబ్బాయి. నలభై ఏళ్ళు దాటినా థియేటర్ నిండిందంటే ఏదో ఉంది కదండీ.

ఆ "బావ" అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ఇంగ్లీషులో సిస్టర్-ఇన్-లా అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మనకి వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు. నలుగురూ నాలుగు రకాల అధికారం. వదిన మీద చనువు ఉంటుంది, ఆడపడుచు దగ్గర జాగ్రత్త ఉంటుంది, తోడికోడలితో పోటీ ఉంటుంది. అక్క మొగుడినీ బావే అంటాం, మేనత్త కొడుకునీ మేనమామ కొడుకునీ బావే అంటాం. అంటే పెళ్ళి చేసుకోగలిగినవాడిదీ అక్క మొగుడిదీ ఒకే పిలుపు. మన కుటుంబ కథల్లో సరసం, భయం, అనుమానం సగం ఈ పిలుపులోనే ఉన్నాయి. బావామరదళ్ళ వేళాకోళాన్ని ఇంగ్లీషులోకి అనువాదం చేసి చూడండి, ఒక్కసారిగా తేడాగా వినిపిస్తుంది. అందుకే ఇలాంటి నవల చదివేటప్పుడు ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో చూడండి. పిలుపు మారిన పేజీలో కథ మారుతుంది. "బావా" అన్న అమ్మాయి హఠాత్తుగా "ఏవండీ" అంటే అర్థమైపోతుంది కదా.

ఇప్పుడు అక్కాచెల్లెళ్ళ దగ్గరికి వద్దాం. ప్రపంచంలో ఈ రకం కథకి అమ్మమ్మలాంటివి రెండు మూడు పుస్తకాలున్నాయి. జేన్ ఆస్టిన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811. లూయిసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' 1868, నలుగురు అక్కాచెల్లెళ్ళు. ఆస్టిన్ కథ మనకి 2000లో 'ప్రియురాలు పిలిచింది'గా వచ్చింది, తమిళం నుంచి డబ్బింగ్. టబు, ఐశ్వర్యారాయ్. తండ్రి ఆస్తి పోయి ఆడపిల్లలు ఇల్లు ఖాళీ చేయాల్సి రావడం అన్న పాయింట్ ఇంగ్లండులోనూ అతికింది, మన దగ్గరా అతికింది. ఎందుకు అతికిందో కాసేపట్లో చెప్తాను.

తెలుగులో అక్కాచెల్లెళ్ళ మీద నాకు బాగా ఇష్టమైన కథ అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు'. ఆవిడ జేఎన్‌యూ లైబ్రరీలో పనిచేశారు, 'తన మార్గం' కథలకి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ కథలో ప్రేమ లేదు, విలన్ లేడు. అక్కయ్య చదువు చిన్నప్పుడే ఆపేశారు, చెల్లెలు చదువుకుని ఉద్యోగం చేస్తోంది. అక్కయ్య ఊరి నుంచి చెల్లెలి ఇంటికి వస్తుంది. చెల్లెలు ఎంతో ముద్దుగా పెంచుకున్న బోన్సాయ్ తురాయి మొక్క చూపిస్తుంది. అక్కయ్యకి నచ్చదు. ఇంతలో గాలివాన వస్తుంది, చెల్లెలు కుండీలు లోపలికి తేవడానికి పరుగెడుతుంది. బయట వీధిలో ఉన్న పెద్ద తురాయి చెట్టు కింద మాత్రం మనుషులు తలదాచుకుంటున్నారు. అంతే కథ. నీడ ఇవ్వగల చెట్టునే కుండీలో పెట్టి కొమ్మలు కత్తిరిస్తే, దానికే ఒకరి నీడ కావాలి. ఈ సంగతి చదువుకోని అక్కయ్యకి కనబడింది, చదువుకున్న చెల్లికి కనబడలేదు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే అన్నం తిని, ఒకరికి చదువు, ఒకరికి పెళ్ళి. ఆ తేడాని ఇద్దరూ జీవితాంతం మర్యాదగా మోస్తారు. నాకూ అక్క ఉంది కాబట్టి ఆ మర్యాద ఎంత బరువుగా ఉంటుందో తెలుసు.

ఇప్పుడు ఆస్తి సంగతి. ఇది కథల ఎపిసోడ్ కదా, చట్టం ఎందుకు అనకండి, ఇది తెలిస్తే సగం నవలలు కొత్తగా కనబడతాయి. 1956 హిందూ వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆస్తి మీద పుట్టుకతో హక్కు కొడుకులకే. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకీ ఆ హక్కు వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. ఇక్కడే మెలిక. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదు. అంటే 1984లో పెళ్ళయిన అక్కకి లేదు, ఇంట్లో ఉన్న చెల్లికి ఉంది. ఒకే తండ్రి, ఒకే పొలం. ఆ గీత చెరిగింది 2005 సెప్టెంబర్ 9న అమల్లోకొచ్చిన కేంద్ర సవరణతో. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా పంచేసుకున్నవి మాత్రం తిరగదోడరు. తండ్రి 2005కి ముందే చనిపోయి ఉంటే ఎలా అన్న గొడవ 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పని లేదని.

అక్క పెళ్ళి ముందు జరగాలి అన్న ఆచారం, దాని మీద ఇలాంటి ఒక తేదీ. మనింట్లో పెద్దమ్మలూ అమ్మలూ పండక్కి కలిసినప్పుడు అంతా బాగానే ఉండి, పొలం మాట రాగానే ఎందుకు వంటింట్లోకి వెళ్ళిపోతారో ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆస్టిన్ కథ మనకి అతకడానికి కారణం కూడా ఇదే. అయితే ఈ 1985 గీత మీద, అక్కాచెల్లెళ్ళని చెరో వైపు నిలబెట్టే పెద్ద నవల చదవాలని నా కోరిక. రాసేవాళ్ళెవరైనా వింటుంటే ప్లాట్ ఫ్రీగా ఇస్తున్నాను, తీసుకోండి.

ఇంకో అక్కాచెల్లెళ్ళ జంట ఉంది, అందరికీ తెలిసినదే. సీత, ఊర్మిళ. అక్కాచెల్లెళ్ళే తోడికోడళ్ళు అయ్యారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోతుంది. ఓల్గా గారు 'విముక్త' కథలో ఆ నిద్రని ఒప్పుకోలేదు. ఊర్మిళ తలుపులు మూసుకుని ఉన్నది ఏడుస్తూ కాదు, ఆలోచిస్తూ. తన మీద ఎవరికి అధికారం, తనకి ఎవరి మీద అధికారం అని తేల్చుకుంటుంది. అడవి నుంచి వచ్చిన సీతకి ఆ మాటలు చెప్పేది చెల్లెలే. ఇదే పేరుతో ఉన్న పుస్తకానికి 2015లో అకాడమీ అవార్డు వచ్చింది, ఇంగ్లీషులో 'ద లిబరేషన్ ఆఫ్ సీత'గా దొరుకుతుంది. ప్రేమ కథలు మాత్రమే చదివేవాళ్ళకి మొదటి పేజీలు కాస్త భారంగా అనిపించొచ్చు, కంగారు పడకండి.

అమెరికాలో ఉన్న మన అక్కలకి అమూల్య మల్లాది గారి 'ద మ్యాంగో సీజన్', 2003. ఆవిడ కూడా ఇంజనీరింగే, ఉస్మానియాలో, చెప్పకుండా ఉండలేకపోయాను. ఏడేళ్ళ తర్వాత హైదరాబాద్ వచ్చిన ప్రియ, తనకి అమెరికన్‌తో పెళ్ళి కుదిరిందని ఇంట్లో చెప్పాలి. మామిడికాయ పచ్చళ్ళ కాలం, ఆడవాళ్ళంతా కూర్చుని ముక్కలు కొడుతుంటారు. నవలంతా ఆ ఒక్క మాట ఎప్పుడు చెప్తుందా అనే. వారపత్రిక సీరియల్ లక్షణం ఎక్కడికీ పోలేదు చూడండి.

ఎలా చదవాలి అంటే నా పద్ధతి సింపుల్. ప్రేమ సీను చదవండి, ఎంజాయ్ చేయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు. అది అయ్యాక వెనక్కి వెళ్ళి, ఆ సీను జరుగుతుండగా ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో చూడండి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. చిన్నప్పటి స్నేహితురాలు పిలిస్తే గానీ గుర్తురాదు. ప్రతి ప్రేమ నవల అయిపోయాక, ఆ హీరోయిన్ పదేళ్ళ తర్వాత ఈ కథలో ఉందా అని చూస్తాను. జయంతి ఉంటుందని నా అనుమానం. మీనా ఉండదు, ఆ అమ్మాయి గట్టిది.

మన దగ్గర స్టీల్ ప్లాంట్ షిఫ్టుల మీద నడిచిన ఇళ్ళు చాలా ఉన్నాయి. నాన్నగారు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటే ఇల్లంతా చప్పుడు చేయకూడదు. టీవీ లేదు, మిక్సీ లేదు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళు చేయగలిగింది చదవడమే. మీ అమ్మనో పెద్దమ్మనో అడగండి, ఏ నవల ఎన్నిసార్లు చదివారో, ఎక్కడ ఆపేశారో. ఎందుకు ఆపేశారు అని కూడా అడగండి.

పుస్తకాలు కావాలంటే ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, వెళ్ళండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 'బోన్సాయ్ బ్రతుకు'తో మొదలుపెట్టండి, ఒక్క టీ తాగే టైమ్‌లో అయిపోతుంది. దాని తర్వాత 'మీనా'. వచ్చే ఎపిసోడ్‌లో రంగనాయకమ్మ గారి 'బలిపీఠం' తీసుకుందాం. భాస్కర్, అరుణ, కులం, పెళ్ళి. అప్పటికి చదివి రండి, గట్టిగా వాదించుకుందాం. ఉంటానండి.