భూమి ఎందుకు ఊగుతది?

1993 సెప్టెంబరు 30. వినాయక నిమజ్జనం చేసి జనం పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ఒక్కసారిగా భూమి ఊగింది. జుక్కల్‌కు పడమట, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ఊరు నేలమట్టం అయింది. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి 7 వేల మందికి పైగా చనిపోయారు.

భూదేవికి కోపం వచ్చిందా? కాదు.

భూమి పైభాగం ఒకే బండ కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంది. మన దేశం ఉన్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతది. అంటే మూడు వేళ్ల వెడల్పు. అక్కడ ఆసియా పలకను నెడుతది. ఆ ఒత్తిడి మన దిక్కు బండల మీద కూడా పడుతది. బిగుసుకున్న తలుపును నెట్టగా నెట్టగా టక్కున తెరుచుకుంటది కదా! లోపలి బండలు కూడా అట్లనే ఒక్కసారి జారుతాయి. అదే భూకంపం.

కొన్నిచోట్ల ఒక పలక ఇంకో పలక కిందికి దూరుతది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున అట్లనే జరిగింది. సునామీ మన కోస్తా దాకా వచ్చింది.

కిల్లారిలో జనాన్ని చంపింది కూలిన ఇండ్లే. మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పు. అందుకే ఇల్లు కట్టేటప్పుడు ఆడవాళ్లు కూడా మేస్త్రీని అడగాలి: "గోడల చుట్టూ ఇనుప చువ్వలతో సిమెంటు పట్టీ వేస్తున్నవా?"