బ్యాంకు స్టేట్‌మెంటు నుండి ఆవర్జాకు: సూళ్లూరుపేట ప్రాంత రైతు కంపెనీల లెక్కలలో ఒక చిక్కు

సూళ్లూరుపేట పరిసరాలలో వరి కోతలు ఆర్థిక సంవత్సరపు చివరి రోజులతో కలిసి వస్తాయి. ఈశాన్య ఋతుపవన వర్షాలకు చెరువులు నిండిన తరువాత నాటిన పైరు ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య చేతికి అందుతుంది. మార్చి ద్వితీయార్ధంలో కళ్లాల వద్ద కాటా ఆగదు. మిల్లుల నుండి, తడ దాటి వచ్చే తమిళనాడు వ్యాపారుల నుండి సొమ్ము జమ అవుతుంటుంది. రైతులకు చెల్లింపులు వెళుతుంటాయి. ధాన్యం కొని అమ్మే రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి బ్యాంకు లావాదేవీలు ముమ్మరంగా సాగే పక్షమూ, సంవత్సరపు లెక్కలు ముగించవలసిన పక్షమూ ఒకటే కావడం ఈ ప్రాంతపు ఇబ్బంది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరినప్పటికీ సూళ్లూరుపేట వ్యవసాయపు కొలత మాత్రం నెల్లూరుదే. రైతు తన దిగుబడిని పుట్లలో చెబుతాడు. పుట్టి అంటే 850 కిలోలు. కంపెనీ కొనుగోలు పద్దు క్వింటాళ్లలో ఉంటుంది. బ్యాంకుకు పుట్టితో గాని క్వింటాలుతో గాని పని లేదు. దానికి తెలిసినవి తేదీ, రూపాయలు, ఒక లావాదేవీ సంఖ్య, సగంలో తెగిపోయిన వివరణ. ఈ అంతరాన్ని పూర్వం గుమస్తా చిట్టాను, పాస్ బుక్కును ఎదురెదురుగా పెట్టుకొని పూడ్చేవాడు. నేడు ఆ పని బ్యాంకు స్టేట్‌మెంటును అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసుకోవడంగా మారింది.

ఈ విషయం విస్తరణ శాస్త్రవేత్తల పరిధిలోనిది కాదని అనిపించవచ్చు. కాని 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటుకు 2020లో కేంద్ర పథకం ప్రారంభమైన నాటి నుండి, విత్తనశుద్ధి గురించి అడిగిన రైతు సంఘమే తన లెక్కల గురించి కూడా అడుగుతోంది. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదం తెలిపింది. నాబార్డు ద్వారా అమలవుతున్న ఈ కార్యక్రమం సంఘాలన్నింటికీ ఒకే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ను ఉద్దేశించినది. అంటే సంస్థాగత లెక్కల సాఫ్ట్‌వేర్ ఇక పెద్ద పరిశ్రమల సొత్తు కాదు. ఎరువుల గోదాము పక్క గదిలోకి వచ్చింది.

పెద్ద సంస్థలకు బ్యాంకులు స్టేట్‌మెంటును యంత్రం నేరుగా చదవగల రూపంలో ఇస్తాయి. స్విఫ్ట్ సంస్థ ప్రమాణమైన ఎంటీ940లో ప్రారంభ నిల్వకు, ప్రతి లావాదేవీకి, దాని వివరణకు, ముగింపు నిల్వకు విడివిడి గుర్తులుంటాయి. తేదీ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే ఉంటుంది. 260328 అంటే 2026 మార్చి 28 తప్ప మరొకటి కాదు. చిన్న కంపెనీకి సాధారణంగా లభించేది పీడీఎఫ్, లేదా ఎక్సెల్, సీఎస్‌వీ పట్టిక. చిక్కులు ఇక్కడే మొదలవుతాయి.

సీఎస్‌వీ ఫైలును ముందుగా ఎక్సెల్‌లో తెరచి చూసి, భద్రపరచి, తరువాత సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం పరిపాటి. ఆ కంప్యూటరులో అమెరికా తేదీ పద్ధతి అమలులో ఉంటే 05/03 అని ఉన్న మార్చి 5 మే 3గా మారుతుంది. మార్చి 1 నుండి 12 వరకు గల పద్దులు జనవరి నుండి డిసెంబరు దాకా చెల్లాచెదురవుతాయి. మార్చి 3 ఒక్కటే క్షేమంగా ఉంటుంది. 13వ తేదీ తరువాతివి తేదీలుగా గుర్తింపు పొందక వట్టి అక్షరాలుగా మిగులుతాయి. తేదీ కన్నా ప్రమాదకరమైనది లావాదేవీ సంఖ్య. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల సంఖ్య ఉంటుంది. సాధారణ గడిలో 12 అంకెల సంఖ్యను ఎక్సెల్ ఘాత రూపంలోకి కుదిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా భద్రపరిస్తే మొదటి కొన్ని అంకెలు తప్ప మిగిలినవి శాశ్వతంగా పోతాయి. ఒకే రోజు జరిగిన చెల్లింపుల సంఖ్యలు తరచు ఒకే అంకెలతో మొదలవుతాయి కనుక, కుదించిన తరువాత అవన్నీ ఒకే సంఖ్యగా కనిపిస్తాయి.

దీని ఫలితం వాటాధనం వద్ద తేలుతుంది. ఒక గ్రామ సమావేశం తరువాత ముప్పై మంది రైతులు తలా 1,000 రూపాయలు యూపీఐ ద్వారా పంపారని అనుకోవచ్చు. తేదీ ఒకటే, మొత్తం ఒకటే, సంఖ్య కూడా ఒకటిగానే కనిపిస్తోంది. ఒకే పద్దు రెండుసార్లు దిగుమతి కాకుండా కాపాడవలసిన తనిఖీ, ఇరవై తొమ్మిది నిజమైన జమలను నకళ్లుగా భావించి తోసివేయగలదు. పథకం కింద సభ్య రైతుకు 2,000 రూపాయల వరకు, సంస్థకు గరిష్ఠంగా 15 లక్షల వరకు లభించే సమాన వాటా నిధి సభ్యుల వాటాధనంపైనే ఆధారపడి ఉంటుంది. కొడుకు ఫోను నుండి తండ్రి వాటా చెల్లించిన సందర్భాలలో పేరు కూడా అక్కరకు రాదు. కనుక బ్యాంకు ఇచ్చిన మూల ఫైలును తాకకుండా వేరుగా ఉంచడం, చూడవలసి వస్తే లావాదేవీ సంఖ్యల వరుసను అక్షరరూపంగా నిర్దేశించి తెరవడం అవసరం.

ఇటువంటి లోపాలు కనీసం పైకి కనబడతాయి. ప్రారంభ నిల్వకు జమలు కలిపి, చెల్లింపులు తీసివేస్తే ముగింపు నిల్వ రావాలి. రాకపోతే ఏదో జారిపోయిందని తెలుస్తుంది. ఈ పరీక్షకు దొరకని లోపం మరొకటి ఉంది. రైతుకు నిజంగా నష్టం కలిగించేది అదే.

ఒక రైతు పది పుట్ల ధాన్యం అమ్మాడనుకోవచ్చు: 85 క్వింటాళ్లు. 2025-26కు కేంద్రం ప్రకటించిన ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయల చొప్పున అతనికి 2,03,065 రూపాయలు రావాలి. మార్చి 28న కంపెనీ నలభై మంది రైతుల చెల్లింపులను ఒకే జాబితాగా బ్యాంకుకు పంపింది. స్టేట్‌మెంటులో అది చాలా సందర్భాలలో నలభై వరుసలుగా కాక ఒకే పెద్ద మొత్తంగా కనిపిస్తుంది. ఈ రైతు ఖాతా వివరాలు ఎన్నో ఏళ్ల కిందట నమోదైనవి. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను విలీనమయ్యాయి. వాటి పాత ఐఎఫ్ఎస్ కోడ్‌లు 2021లో చెల్లకుండా పోయాయి. పాత కోడ్‌తోనో, తప్పిన ఒక అంకెతోనో వెళ్లిన నెఫ్ట్ చెల్లింపు రైతు ఖాతాకు చేరక తిరిగి వస్తుంది. అవతలి బ్యాంకు జమ చేయలేని సొమ్మును ఆ విడత ముగిసిన రెండు గంటలలో తిప్పి పంపాలన్నది నిబంధన. అలా 2,03,065 రూపాయలు కంపెనీ ఖాతాలో జమగా కనిపిస్తాయి.

ఆ జమను సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది? పద్దుల వర్గీకరణకు ముందే నియమాలు ఏర్పరచి ఉంటారు. మార్చి నెలలో వచ్చే పెద్ద జమలలో అధికభాగం ధాన్యం అమ్మకాలవే. ఈ మొత్తం కూడా అమ్మకాల కిందికి చేరితే జంట పద్దు విధానంలో ఎక్కడా తేడా రాదు. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక పైసాతో సహా సరిపోతుంది. అంకణా సరిపోతుంది. కంపెనీ అమ్మకాలు, లాభం 2,03,065 మేరకు లేనిది ఉన్నట్లు పెరుగుతాయి. రైతు ఆవర్జాలో అతనికి చెల్లించవలసినది శూన్యం. అతను కార్యాలయానికి వచ్చి సొమ్ము అందలేదంటే, తెరపై చెల్లింపు పూర్తయిందని చూపుతారు. తప్పు చెబుతున్నది రైతే అన్నట్లు అవుతుంది. కౌలు కట్టవలసిన వాడికి, పంట రుణం గడువులోగా తీర్చవలసిన వాడికి ఈ వాదనలో పోయే ప్రతి వారమూ భారమే.

దీనికి పరిష్కారం సాంకేతికంగా కష్టమైనది కాదు. తిరిగి వచ్చిన సొమ్ము వివరణలో వాపసు సూచన, చాలాసార్లు మూల చెల్లింపు యూటీఆర్ సంఖ్య కూడా ఉంటాయి. వాపసు పదాలున్న ఏ జమనూ ఆదాయ ఖాతాలోకి పోనివ్వకుండా, ముందుగా అనామతు ఖాతాలో నిలిపే నియమం పెట్టవచ్చు. తరువాత మూల చెల్లింపుతో జతపరచి, రైతుకు బాకీని పునరుద్ధరించాలి. అనామతు ఖాతాను చిత్తుబుట్టగా చూసే అలవాటు చాలా కార్యాలయాలలో ఉంది. నిజానికి కోతల కాలంలో రోజూ ఉదయం మొదట చూడవలసిన ఖాతా అదే. పెద్ద మొత్తంగా పోయిన చెల్లింపును నలభై మంది ఓచర్లతో విడగొట్టి జతపరచడం విసుగు పుట్టించే పని. అయినా అది చేయనిదే ఎవరి సొమ్ము వెనక్కి వచ్చిందో తేలదు. చెల్లింపుకు ముందే ఖాతాదారు పేరు సరిచూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. రైతుల వివరాలను కోతలకు ముందే ఒకసారి దీనితో పరీక్షించుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో గమనించవలసిన భేదం ఒకటుంది. ఈఆర్‌పీనెక్స్ట్ వంటి వాటిలో దిగుమతి చేసిన స్టేట్‌మెంటు వరుసలు విడిగా నిలుస్తాయి. చెల్లింపు పద్దుతో జతపరచే వరకు ఆవర్జాను తాకవు. కొన్ని ఉపకరణాలు ఎక్సెల్ పట్టికలోని ప్రతి వరుసనూ నేరుగా ఓచరుగా మారుస్తాయి. రెండవది వేగవంతమైనది, అందువల్లనే ఆకర్షణీయమైనది. అయితే మార్పుల చరిత్రను నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే కంపెనీలు వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీలు ఇందుకు మినహాయింపు కావు. తప్పుగా దిగుమతి చేసిన మూడు వందల ఓచర్లను తొలగించి మళ్లీ చేర్చితే ఆ జాడ అంతా ఆడిటరు ముందుకు వస్తుంది. సహకార చట్టాల కింద నమోదైన సంఘాలకు ఈ కంపెనీ నియమం వర్తించదు.

బ్యాంకే మారిపోయినప్పుడు నియమాలన్నీ తిరిగి చూడాలి. నెల్లూరు ప్రాంతంలో సేవలందించిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇటువంటి విలీనాల తరువాత స్టేట్‌మెంటులో వరుసల క్రమం, వివరణల సంక్షిప్త పదాలు మారే అవకాశం ఉంది. నిన్నటి వరకు వాపసును పట్టిన నియమం ఈ రోజు దానిని గుర్తించకపోవచ్చు.

మిగిలింది మార్చి 31. మార్చి 30న ఇచ్చిన చెక్కు ఏప్రిల్ 2న చెల్లుబాటైతే కంపెనీ పుస్తకంలో అది మార్చి పద్దు, బ్యాంకులో ఏప్రిల్ పద్దు. ఏప్రిల్ స్టేట్‌మెంటును దిగుమతి చేసేవారు జత కనబడక దానికి కొత్త చెల్లింపు ఓచరు సృష్టిస్తే అదే రైతుకు రెండుసార్లు ఇచ్చినట్లవుతుంది. తరువాతి కొనుగోలులో ఆ మొత్తాన్ని అతని నుండి మినహాయించే ప్రమాదమూ ఉంది. అందుచేత మార్చి 31 నాటికి చెల్లుబాటు కాని చెక్కుల జాబితాను, అనామతులో నిలిచిన వాపసుల జాబితాను రైతుల పేర్లతో ముద్రించి, ఏప్రిల్ మొదటి దిగుమతికి ముందే సరిచూసేవారి బల్ల మీద ఉంచాలి. రెండవ జాబితాను సంబంధిత గ్రామాల డైరెక్టర్లకు అదే రోజు పంపితే, సరైన ఖాతా సంఖ్య తెచ్చి ఇవ్వమని రైతుకు కబురు కళ్లం దగ్గరే అందుతుంది.