లాయర్ ఫ్రెండ్‌కి వెబ్‌సైట్ చేసి పెడుతున్నారా? ముందు ఈ రూల్స్ తెలుసుకోండి

మన దేశంలోని లా ఫర్మ్‌ల వెబ్‌సైట్లు ఎప్పుడైనా ఓపెన్ చేశారా? చాలా వాటిలో హోమ్ పేజీ కంటే ముందు ఒక పాప్-అప్ వస్తుంది. మేము ప్రచారం చేసుకోవడం లేదు, సమాచారం కోసం మీ అంతట మీరే ఇక్కడికి వచ్చారు అనే అర్థం వచ్చేలా నాలుగు లైన్లు, కింద "ఐ అగ్రీ" బటన్ ఉంటాయి. అందరూ దాన్ని కుకీ నోటీసు అనుకుని నొక్కేస్తారు. కానీ అది కుకీ నోటీసు కాదు. ఇండియాలో లాయర్లు యాడ్స్ ఇవ్వకూడదు కాబట్టి వాళ్లు పెట్టుకున్న జాగ్రత్త అది.

దీంతో మనకేం పని అంటారా? ఫ్రెండ్స్‌లో, చుట్టాల్లో ఎవరైనా కొత్తగా ఆఫీసు పెడితే "మామా, ఒక వెబ్‌సైట్ చేసిపెట్టు, ఇన్‌స్టా పేజీ చూసుకో" అని అడిగేది టెక్నాలజీ తెలిసిన మనల్నే. జిమ్‌కో, మొబైల్ షాపుకో చేసినట్టే లాయర్‌కి కూడా "ఫస్ట్ కన్సల్టేషన్ ఫ్రీ" అని బ్యానర్ డిజైన్ చేసి, రోజుకు 500 రూపాయలతో బూస్ట్ చేశామనుకోండి. డిజైన్ మనదే, కానీ బార్ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చేది మాత్రం వాడికి.

అసలు రూల్ ఏంటి?

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ రూల్ ఉంది. దాని ప్రకారం అడ్వొకేట్ నేరుగా గానీ, వేరే దారిలో గానీ పని కోసం అడగకూడదు, యాడ్ ఇవ్వకూడదు. సర్క్యులర్లు పంపడం, బ్రోకర్లను పెట్టుకోవడం, తాను వాదించిన కేసులకు సంబంధించి తన ఫోటోలు వేయించుకోవడం ఇవన్నీ నిషేధమే. ఆఫీసు బయట పెట్టే నేమ్ బోర్డు కూడా మామూలు సైజులోనే ఉండాలి.

ఈ రూల్ స్మార్ట్‌ఫోన్లు రాకముందుది. అయినా ఇప్పటి పరిస్థితికి పెట్టి చూడండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అంటే సర్క్యులరే కదా. లీడ్‌కి ఇంత అని కమీషన్ తీసుకునేవాడు బ్రోకరే. బెయిల్ వచ్చాక కోర్టు బయట క్లయింట్‌తో తీసిన రీల్ అంటే కేసుకు సంబంధించిన ఫోటో కిందకే వస్తుంది.

తప్పు రుజువైతే 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం మందలింపుతో వదిలేయొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, పూర్తిగా రోల్ నుంచి పేరు కూడా తీసేయొచ్చు.

అమెరికాలో ఇస్తున్నారు కదా?

అవును. అక్కడ 1977లో బేట్స్ కేసులో సుప్రీంకోర్టు లాయర్ల ప్రకటనలను అనుమతించింది. అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్లకు హైవే పక్కన లాయర్ల హోర్డింగులు కొత్తేమీ కాదు. సమస్య ఎక్కడంటే, యూట్యూబ్‌లో దొరికే "లాయర్ మార్కెటింగ్" కోర్సుల్లో చాలా వరకు ఆ మార్కెట్ కోసం తయారైనవే. వాటిలో చెప్పే "గెలిస్తేనే ఫీజు" ఆఫర్ ఇక్కడ డబుల్ తప్పు. యాడ్ కావడం ఒక తప్పు అయితే, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నే మన బార్ కౌన్సిల్ 20వ రూల్ ఒప్పుకోదు.

వెబ్‌సైట్ పెట్టొచ్చు, కానీ ఇంతవరకే

2008లో 36వ రూల్‌ని కాస్త సడలించారు. వెబ్‌సైట్‌లో ఈ వివరాలు ఇవ్వొచ్చు:

• పేరు, అడ్రస్, ఫోన్ నంబర్లు, ఈమెయిల్
• ఎన్‌రోల్‌మెంట్ నంబర్, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, ఏ బార్ అసోసియేషన్
• చదువు, వృత్తి అర్హతలు
• ఏయే రకాల కేసులు చూస్తారు

ఇచ్చిన సమాచారం నిజమేనని డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. "నంబర్ వన్", "98 శాతం సక్సెస్ రేటు", క్లయింట్ టెస్టిమోనియల్స్ లాంటివి ఈ లిస్టులో లేవు. అంటే మీ టెంప్లేట్‌లో ఆ సెక్షన్లు డిలీట్ చేయాల్సిందే.

ఇవన్నీ పాత రూల్స్, ఎవరు పట్టించుకుంటారులే అనుకోవద్దు. 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు ఆన్‌లైన్‌లో ప్రచారం చేసుకునే లాయర్లపై చర్యలు తీసుకోవాలని చెప్పింది. వెంటనే బార్ కౌన్సిల్ రాష్ట్రాల కౌన్సిళ్లకు ఆదేశాలు పంపింది. 2025 మార్చిలో సినిమా నటులతో, ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేయించే ప్రచారంపై మరోసారి హెచ్చరించింది.

మరి మంచి క్లయింట్లు ఎలా వస్తారు?

ఇక్కడే అసలు పాయింట్. బూస్ట్ చేసిన పోస్టు చూసి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "ఫీజు ఎంత తగ్గిస్తారు" అని అడిగేవాళ్లే. మంచి క్లయింట్ అంటే కేవలం డబ్బున్నవాడు కాదు. టైమ్ దాటకముందే, కాగితాలతో, తనకేం కావాలో తెలుసుకుని వచ్చేవాడు. అలాంటివాళ్లు రావాలంటే నాలుగు పనులు చేయాలి.

1. లిస్టు తగ్గించండి. సివిల్, క్రిమినల్, ఫ్యామిలీ, కార్పొరేట్ అని అన్నీ రాస్తే ఎవరికీ గుర్తుండదు. నిజంగా చేస్తున్న రెండు మూడు రకాలే రాయమని చెప్పండి. ఉదాహరణకు చెక్ బౌన్స్, సైబర్ మోసాలు, ఫ్లాట్ కొనుగోలు వివాదాలు.

2. తెలుగులో వివరంగా రాయించండి. చెక్ బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు టైమ్ ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ మూడు గడువులు తెలియకనే చాలామంది ఆలస్యంగా వస్తారు. ఇలాంటి ఆర్టికల్ చదివినవాడు బ్యాంకు రిటర్న్ మెమో చేతిలో పట్టుకుని టైమ్‌కి వస్తాడు. అయితే చివర్లో "మమ్మల్నే సంప్రదించండి" అన్న లైన్ మాత్రం వద్దు. అప్పుడది సమాచారం కాదు, యాడ్ అవుతుంది.

3. వాయిదా తేదీ అడక్కముందే చెప్పాలి. లాయర్ల మీద జనానికి ఉండే పెద్ద కంప్లైంట్ "ఫోన్ ఎత్తరు, ఏం జరిగిందో చెప్పరు" అనే. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉచితం. ప్రతి కేసుకీ 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్ఆర్ నంబర్ ఉంటుంది. దాన్ని కొట్టి కేసును సేవ్ చేసుకుంటే తర్వాతి తేదీ, స్టేజ్ కనిపిస్తాయి. వాయిదా రోజు సాయంత్రం క్లయింట్‌కి ఒక మెసేజ్ పెడితే చాలు. అతనే ఇంకో నలుగురికి చెప్తాడు. ఏ రూలూ ఆపలేని పబ్లిసిటీ అదొక్కటే.

4. ఫోన్‌ని భద్రంగా ఉంచండి. క్లయింట్ చెప్పిన విషయాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. అందుకే వాట్సాప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ని మనమే ఆన్ చేయాలి, అది దానంతటదే ఆన్ కాదు. లింక్డ్ డివైజెస్‌లో ఆఫీసులో మానేసిన జూనియర్ కంప్యూటర్ ఇంకా ఉందేమో చూడండి. సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాల పని ఇది.

గూగుల్ మ్యాప్స్ సంగతి?

2008 లిస్టు వెబ్‌సైట్ గురించే మాట్లాడుతుంది, మ్యాప్స్ ప్రస్తావన అందులో లేదు. కాబట్టి లిస్టింగ్ పెట్టినా పేరు, అడ్రస్, ఫోన్ వరకే ఉంచడం సేఫ్. ఆఫర్ పోస్టులు, పెయిడ్ ప్రమోషన్, క్లయింట్లతో అడిగి మరీ ఫైవ్ స్టార్ రివ్యూలు రాయించడం వద్దు. వాట్సాప్ బిజినెస్ వాడితే అవే మెసేజ్, లేబుల్స్ బాగా పనికొస్తాయి. ధరలతో క్యాటలాగ్ మాత్రం ఆఫ్‌లో ఉంచండి.

చివరగా ఒక మాట. ఈసారి లాయర్ ఫ్రెండ్ వచ్చి "నాక్కూడా రీల్స్ చేసిపెట్టు" అంటే, ముందు వాడి ఫోన్ తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో పెండింగ్ కేసులన్నీ సేవ్ చేయండి. ఆ తర్వాత సింపుల్‌గా ఒక పేజీ వెబ్‌సైట్ చాలు. రీల్‌కి వచ్చే లైకులు రెండు రోజులుంటాయి, పోగొట్టుకున్న ఎన్‌రోల్‌మెంట్ తిరిగి తెచ్చుకోవడం అంత ఈజీ కాదు.